ఉత్త కడుపుతో ప్రయాణం

సోమవారం. మొగలిలంక, నీటిమట్టం కేంద్రం.

పోటు: రేవు పైమెట్టు దాకా. బావి: ఉప్పు.

కొలబద్దను ఈ ఉదయం విప్పి పట్టుకుపోయారు. కేంద్రం మూసేశారు. పుస్తకంలో మిగిలిన పేజీలు తమకు అక్కర్లేదని, నన్నే ఉంచుకోమని చెప్పారు. కొలవడానికి ఏమీ లేకపోయినా రాసే అలవాటు పోలేదు. రేవు మెట్లు చూసి రాస్తున్నాను.

మా శాఖలో ఒక నియమం ఉంది. వెళ్లి చూసిన రోజున ఏమీ లేకపోతే సున్న రాయాలి. గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. సున్న అంటే చూశారని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా గడులు ఖాళీగా ఉన్నది ఒక్క వారమే. పోయిన శ్రావణంలో.

పై ఆదివారం చివరి పడవ. ఆ తర్వాత లంకకు పడవలు రావు. కొండ మీది ఎగువమెట్టలో మాకు ఇల్లు ఇచ్చారు. మాకు అని రాశాను. నాకు.

మంగళవారం.

పోటు: నిన్నటంతే. బావి: ఉప్పు.

తరలింపు కచేరీకి వెళ్లి మా ఇంటి పాము బంట్రోతును వెంట తీసుకెళ్తానని చెప్పాను. అక్కడి అమ్మాయి తల ఎత్తి చూసింది. లంకలో ఎవరూ తమ పాములను తీసుకెళ్లడం లేదట. పైన దిగగానే ఇంటికొక కొత్తది ఇస్తారట. పాతదాన్ని మోసుకెళ్లడం ఎందుకని అడిగింది. తీసుకెళ్తానని మళ్లీ చెప్పాను. చీటీ రాసి ఇచ్చింది.

ఎలుకల మందులు పనిచెయ్యడం మానేశాక గింజలు నిలవచేసే ప్రతి ఇంటికీ ఒక జెర్రిపోతును ఇస్తున్నారు. విషం లేని జాతి, అందులోనూ పొట్టి రకం. చాపితే నా చెయ్యంత ఉంటుంది. వకుళ పాముల కేంద్రంలో పనిచేసేది. ఇంటింటికీ తిరిగి పామును ఎలా చూసుకోవాలో ఆడవాళ్లకు చెప్పేది. మా ఇంటిదానికి బంట్రోతు అని పేరు తనే పెట్టింది. పొద్దుట్నుంచీ గదిగదికీ తిరుగుతాడు, చేసిన పని మాత్రం కనబడదు అనేది.

వకుళ నా భార్య. ఇది వేరే ఎవరైనా చదివితే తెలియాలి కదా.

బుధవారం.

పోటు: రేవు గట్టు తడిసింది. బావి: ఉప్పు.

బంట్రోతును పెట్టెలోకి మార్చాను. చెక్కపెట్టె, పక్కలకు సన్నటి బెజ్జాలు, లోపల నలిపిన కాగితాలు. ఈ రోజు నుంచి దానికి తిండి లేదు. నీళ్లు మాత్రం పెడతాను, ప్రయాణం ముందురోజు దాకా.

పాము ప్రయాణానికి ముఖ్యమైనది ఇదొక్కటే. కడుపు ఖాళీగా ఉండాలి. తిన్నది అరగాలంటే దానికి వేడి కావాలి, కదలకుండా ఉండాలి. కుదుపుకీ చలికీ తిన్నది కక్కేస్తుంది. కక్కితే ఒంట్లో నీరంతా పోతుంది. చలిలో అయితే మళ్లీ తేరుకోదు. వకుళ ఈ మాటలు ఎన్ని ఇళ్లల్లో చెప్పిందో. నేను గుమ్మం బయట సైకిలు పట్టుకుని నిలబడి వినేవాణ్ని.

పాము పెట్టెలో ఉందని ఎలుకలకు అప్పుడే తెలిసిపోయింది. వంటింట్లో చప్పుళ్లు. బోను పెట్టాను.

గురువారం.

పోటు: గట్టు మీదికి. బావి: ఉప్పు. దిండు: వెళ్లింది.

చివరి మాట ఈ రోజే కొత్తగా రాస్తున్నాను. నిజానికి శ్రావణం నుంచీ చూస్తూనే ఉన్నాను.

మా మంచం మీద వకుళ దిండు అలాగే ఉంది. గలీబు ఉతకలేదు. మొదట్లో దానికి ఆమె వాసన ఉండేది. కొబ్బరినూనె, పాముల కేంద్రంలో వాడే వేపసబ్బు, ఇంకేదో. దీపావళి దాటాక నాకు తెలియడం మానేసింది. ముక్కు ఆనించి చూసినా గుడ్డ వాసనే.

బంట్రోతుకు తెలుస్తుంది. రోజూ మధ్యాహ్నం మంచం కోడు పట్టుకుని పైకెక్కుతుంది. నాలుక చాపుతూ తిన్నగా దిండు దగ్గరికి వెళ్తుంది. గలీబులోకి దూరి చుట్టుకుంటుంది. నా దిండు వైపు ఎప్పుడూ రాలేదు. కాబట్టి ఇంకా ఉంది. నేను కొలవలేను, అది కొలుస్తుంది.

ఈ రోజు పెట్టెలోంచి కాసేపు వదిలి చూశాను. తలుపులు వేసి, బోను బయటపెట్టి. అటే వెళ్లింది.

కచేరీ అమ్మాయికి చెప్పలేని సమాధానం ఇదే.

శనివారం.

పోటు: వీధిలోకి. దిండు: వెళ్లింది.

సీతారత్నం వదినగారు సర్దడానికి వచ్చారు. వకుళకు అక్క. రెండు వీధుల అవతల ఇల్లు. అన్నయ్యగారు ముందే పైకి వెళ్లి సామాను దింపించుకున్నారు. ఆవిడ నాతోపాటు చివరి పడవలో వస్తారు.

ఆవిడకు పామంటే భయం. చెల్లెలు పాముల కేంద్రంలో చేరినప్పుడు ఆరునెలలు మా ఇంట్లో కాఫీ తాగలేదు. ఇప్పుడు పెట్టెకు దూరంగా కూర్చుని గిన్నెలు కాగితాల్లో చుడుతూ, మధ్యమధ్యలో దానికేసి చూస్తున్నారు. అది తిని ఎన్నాళ్లయిందని అడిగారు. చెప్పాను. మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగారు. పైకి వెళ్లి కుదుటపడ్డాక, ఇంకో వారం పోయాక అన్నాను.

ఆవిడ గిన్నె కింద పెట్టేశారు. నోరులేనిదానికి ఇదేం శిక్ష అన్నారు. శిక్ష కాదని, వకుళ చెప్పిన పద్ధతేనని చెప్పాను. ఆవిడ గోనెమూట ముందుకు లాక్కున్నారు. దబ్బలానికి దారం ఎక్కిస్తూ చాలాసేపు కూర్చున్నారు.

సాయంత్రం దిండులోంచి దూది తీసేశాను. ఖాళీ గలీబును పెట్టెలో పరిచాను. బంట్రోతు తనంతట తనే అందులోకి దూరింది. ప్రయాణపు సంచి ఇదే. బాగా నేసిన నూలు గుడ్డ, గాలి ఆడుతుంది. అలవాటైన చోటు కాబట్టి కదలకుండా ఉంటుంది. పొద్దున మూతి ముడి వేస్తే చాలు.

ఆదివారం. పడవలో.

పోటు: మా గడప.

బయల్దేరేముందు వదినగారు నాకు పెరుగన్నం కలిపి పెట్టారు. వద్దన్నా వినలేదు. రెండు ముద్దలు తిన్నాను. నేను పెరట్లో చేతులు కడుక్కుని, పెరడంతా చివరిసారి చూసుకుని వచ్చేసరికి ఆవిడ పెట్టె పక్కన ఉన్నారు. అంత దగ్గరగా ఆవిడను చూడటం అదే మొదటిసారి. బెంగ వల్ల అనుకున్నాను. గలీబు మూతి ముడి వేస్తుంటే కాస్త బరువనిపించింది. సామాన్లు మోసిన చేతులు కదా అనుకున్నాను.

తాళం వెయ్యలేదు. వేసి ఏం లాభం.

పడవ కాలువలో పడ్డాక ఎండ బాగా వచ్చింది. పెట్టెను నీడలో, గాలి తగిలేచోట పెట్టుకున్నాను. మధ్యాహ్నం వదినగారు పొట్లం విప్పి పులిహోర ఇచ్చారు. ఆకలి లేదన్నాను.

"వాడి కోసమైతే బెంగెట్టుకోకండి మరిదిగారూ. వాడికీ పెట్టే బయల్దేరదీశాను" అన్నారు.

ఎవరికని అడిగాను.

"బంట్రోతుకండీ. మీ బోనులో ఒక ఎలుక పడింది కదా. పెట్టె మూత ఓరగా తీసి అందులోకి వదిలేశాను. ఇట్టే మింగేసి, మళ్లీ ఆ సంచిలోకి పోయి పడుకున్నాడు."

ఆవిడ ముఖంలో సంతోషం ఉంది. భయపడే పనిని పూర్తిచేసిన మనిషి సంతోషం. నేను మూత తీసి గలీబు మీద అరచెయ్యి ఆనించాను. మధ్యలో ఉబ్బు తగిలింది.

"ఏమీ పెట్టకూడదని చెప్పాను కదండీ" అన్నాను.

"చెప్పారు."

ఎందుకు పెట్టకూడదో ఇప్పుడు పూర్తిగా చెప్పాను. కొండ మీద చలి గురించి, తీగల మీద వేలాడుతూ పైకెక్కే తీగబండి కుదుపు గురించి, కక్కితే ఏమవుతుందో. వింటున్నకొద్దీ ఆవిడ చేతిలో ఆకు వంగిపోయి పులిహోర చాప మీద పడింది. ఎత్తలేదు.

కాలువలో పడవ రెండు లాకులు దాటింది. తర్వాత ఆవిడ నీళ్లకేసి చూస్తూ చెప్పారు.

"చెల్లి విషయంలోనూ అలాగే అన్నారండీ. ఆస్పత్రి పడవ ఎక్కించేప్పుడు. ఏమీ పెట్టకండి, కొయ్యాల్సి రావచ్చు అన్నారు. మీరు లోపల పక్క సర్దుతున్నారు. అక్కా, రెండు ముద్దలు పెరుగన్నం పెట్టవే అనడిగింది. గిన్నె నా చేతిలోనే ఉంది. వాళ్ల మాట విని పెట్టలేదు. ఉత్త కడుపుతో పంపేశాను." కొంగుతో మూతి తుడుచుకున్నారు. "ఇంకోసారి నావల్ల కాలేదండీ."

ఆ సంగతి నాకు తెలియదు. దారిలో వకుళ ఆకలి గురించి నాతో ఏమీ అనలేదు. ఎప్పుడు చేరతాం అని మాత్రం అడిగింది.

చాప మీది పులిహోర ఎత్తి ఆకులో వేశాను.

అదే రోజు, పొద్దు వాలుతుండగా.

ఆలోచించి రాస్తున్నాను.

పామును గలీబులోంచి తీసి గోనెసంచిలోకి మార్చవచ్చు. అప్పుడు కక్కినా గలీబుకు ఏమీ కాదు. కానీ తిన్న పామును పట్టుకుని కదిలిస్తే అప్పటికప్పుడే కక్కుతుంది. గలీబులో అయితే కదలకుండా పడుకుంటుంది. అలా పడుకుంటేనే అరిగే అవకాశం ఉంది. అరగకపోతే కక్కేది అందులోనే.

దాన్ని కదిలిస్తే గలీబు దక్కుతుంది. కదిలించకపోతే అది బతకవచ్చు.

ముడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు సరంగులు వంతు మారారు.

ముడి విప్పలేదు.

సోమవారం. కొండ కింద, తీగబండి స్టేషను.

పోటు: ఇక్కడ సముద్రం లేదు.

పొద్దున్నే మంచు. రాళ్ల మీద మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి. మనుషులకు ఒక బండి, సామానుకు ఒకటి, జంతువులకు ఒకటి. జంతువుల బండికి కిటికీలు లేవు, చువ్వలే.

జంతువులను చూసి ఎక్కించేది పైడిరాజు అనే ఆయన. మంకీ క్యాప్, చేతులకు మేజోళ్లు. మేకలను లెక్కపెట్టి నా దగ్గరికి వచ్చి ముడి ఉన్న గలీబును రెండు వేళ్లతో తడిమాడు.

"ఏటి మాస్టారూ, తిండెట్టీసినారేటి?"

అవునన్నాను. వదినగారు నా వెనక నిలబడి ఉన్నారు.

"అయితే ఎక్కించనండి. ఇంత సలిలో సగం దారికే సచ్చిపోద్ది. ఆ మాట నా మీద పడతాది. అల్లదిగో షెడ్డు, అక్కడొగ్గీండి. పైన కొత్తదిస్తారు."

షెడ్డు వైపు చూశాను. తలుపు లేదు. లోపల ఖాళీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి. కొన్నింటి మీద ఇళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి.

తిన్నది అరిగేదాకా ఇక్కడే ఆగుతానన్నాను. ఈ రోజు పైకి చేరకపోతే ఇల్లు ఇంకొకరికి రాసేస్తారని, ఆపైన నా ఇష్టమని చెప్పాడు. అది బెదిరింపు కాదు. విసిగిపోయిన మనిషి మాట. నేను కదలలేదు. వెనక మేకల మనిషి గొణుగుతున్నాడు.

పైడిరాజు మేజోడు తీసి ముక్కు తుడుచుకున్నాడు. నాకేసి కాకుండా తీగలకేసి చూస్తూ అన్నాడు. "నాను పెట్టెలే సూస్తానండి. మనుసులు సెద్దరు కింద ఏటెట్టుకున్నారో సూడ్డం నా పని కాదు. బండిలో గొడవైతే మాత్రం మీరెవరో నాను ఎరగను."

చొక్కా లోపలికి, పొట్ట మీదికి గలీబును చేర్చుకున్నాను. పైన స్వెట్టరు, దాని మీద దుప్పటి. చల్లగా, బరువుగా తగిలింది. పెట్టె ఖాళీ అయింది. దాన్ని వదినగారు తీసుకున్నారు.

అదే రోజు. ఎగువమెట్ట.

ఎలా వచ్చామో రాస్తాను.

బండిలో ఎనిమిదిమందిమి. పెట్టెను వదినగారు ఒళ్లో పెట్టుకున్నారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అందులో ఏముందని అడిగాడు. ఎండుచేపలన్నారు ఆవిడ. ఆయన ఇంకాస్త ముందుకు జరిగి, సావళ్లా, రేవళ్లా అని అడిగాడు. పైకి వెళ్తే ఇక దొరకవు కదా, అమ్ముతారా అన్నాడు. మొక్కుబడివి, అమ్మకూడదన్నారు ఆవిడ. వకుళ ఉంటే నా డొక్కలో మోచేత్తో పొడిచి నవ్వేది.

కొండ నడుమకు వచ్చేసరికి మంచు దట్టమై బండి ఆగింది. గాలికి ఊగుతోంది. నేను రెండు చేతులూ పొట్ట మీద కప్పి పెట్టుకున్నాను. చాలాసేపు అది కదలలేదు. బహుశా అరుగుతోందని అనుకున్నాను. బండి ఒక్క కుదుపుతో మళ్లీ కదిలింది. అప్పుడు గలీబులో మెలికలు తిరగడం మొదలుపెట్టింది. తర్వాత నా చర్మానికి తడి తగిలింది.

వాసన బండి నిండా కమ్ముకుంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. పెద్దాయన వదినగారిని తిట్టాడు. కుళ్లిన చేపలు మోసుకొచ్చి మనుషుల్ని చంపుతున్నారన్నాడు. ఆవిడ పెట్టెను ఇంకా గట్టిగా పట్టుకుని, తప్పయింది బాబూ అన్నారు. తర్వాత నాకు మాత్రం వినబడేలా, "కక్కేశాడాండీ?" అన్నారు.

ఊఁ అన్నాను.

పై స్టేషను వచ్చేదాకా ఆవిడ ఆ తిట్లన్నీ పడ్డారు.

ఇల్లు ఒక గది, ఒక వంటపంచ. అన్నయ్యగారు పొయ్యి వెలిగించి ఉంచారు. గలీబు విప్పాను. బంట్రోతు తాడులా చేతిలో వేలాడింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడి తుండులో చుట్టి, పొయ్యి గోడకు ఆనించి పడుకోబెట్టాను. వకుళ అయితే ఇంకేదైనా చేసేదేమో. నాకు తెలిసింది ఇంతే.

మంగళవారం.

నాలుక: లేదు. నోటి దగ్గర చిన్న అద్దం పట్టాను. మసకబారింది, లేదా అలా అనిపించింది.

గలీబు బకెట్లో ఉంది. వదినగారు వచ్చి తాను ఉతుకుతానన్నారు. వద్దన్నాను. ఆవిడకు నేను ఎందుకు ఉతకడం లేదో తెలుసు. గుమ్మంలోనే కూర్చున్నారు. కోపంగా ఉంటే తిట్టండి మరిదిగారూ, పడతాను అన్నారు. కోపం లేదన్నాను. అది నిజం. ఆవిడకు కాఫీ ఇచ్చాను. తాగారు.

బుధవారం.

నాలుక: ఒకసారి.

గలీబును ఇక అలా ఉంచడానికి లేదు. వాసన పక్క ఇళ్లకు వెళ్తోంది. లోపల ఉన్నదాన్ని దులిపి పారేశాక గుడ్డను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకోకూడదని తెలిసీ.

ఇక్కడి నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఆ సంగతి మరిచిపోయాను. లంకలో ఉప్పునీళ్లకు సబ్బు నురగ వచ్చేది కాదు. ఎన్ని నీళ్లలో జాడించినా గుడ్డల్లో ఏదో ఒకటి మిగిలేది. ఇక్కడ ఒక్కసారి రుద్దగానే బకెట్టు పైదాకా నురగ వచ్చింది. రెండు నీళ్లలో తెల్లగా అయిపోయింది.

పొయ్యి పైన తీగ మీద ఆరవేశాను. కింద బంట్రోతు.

శుక్రవారం.

నాలుక: చాలాసార్లు. నీళ్లు తాగింది. తల నిలబెడుతోంది.

ఈ మాట వదినగారికి వెళ్లి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. చేట కింద పెట్టి, లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత, మళ్లీ ఎప్పుడు పెట్టచ్చో మీరు చెప్పేదాకా నేను వాడివైపు కన్నెత్తి చూడను, ఒట్టు అన్నారు. ఇంకో రెండు వారాలన్నాను. ఆవిడకు అది చాలా ఎక్కువని ముఖంలోనే తెలుస్తోంది. చేట మళ్లీ అందుకున్నారు.

కచేరీ వాళ్లు కొత్త పామును తీసుకొచ్చారు. మా ఇంట్లో ఉందని చెప్పి పంపేశాను.

ఆదివారం.

పోటు: లేదు. బావి: తీపి.

బంట్రోతు తనంతట తనే తుండులోంచి బయటికి వచ్చింది. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోంచి మంచం దాకా పడుతోంది. దిండులో దూది మళ్లీ కూరి, గలీబు తొడిగి, మంచానికి ఆమె పడుకునే వైపు పెట్టాను. గలీబు మూతి కట్టకుండా వదిలాను. తలుపు మూసి, బల్ల మీద కూర్చున్నాను.

అది గోడ వెంబడి గది అంతా తిరిగింది. ప్రతి మూలా ఆగి చూసింది. వకుళ చెప్పినట్టే. మంచం కోడు దగ్గర ఆగి, పైకెక్కింది.

నాలుక చాపింది. దిండు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లింది. తెరిచి ఉన్న మూతి మీదుగా వెళ్లింది. దూరలేదు. దిగి, పొయ్యి గోడ దగ్గరికి, వెచ్చటి చోటికి వెళ్లిపోయి చుట్టుకుంది. ఆరోగ్యంగానే ఉంది.

ఎండ పోయేదాకా కూర్చున్నాను. మళ్లీ అటు వెళ్లలేదు.

గడి ఖాళీగా వదలను.

దిండు: సున్న.